మా నాయన తుపాకికి నేనేరిన టోపీలు

ఏ ఉద్యోగం దొరికితే ఆ ఉద్యోగానికే పుట్టామని నమ్మే వయసు ఒకటి ఉంటుంది. నాకు ఆ వయసులో దొరికింది తుపాకుల అంగట్లో పని. బీకాం పాసయ్యి, బ్యాంకు పరీక్షలు రాసి, నా తెలివితేటలు ఆ పేపర్లు దిద్దేవాళ్ళకు అంతుబట్టక, చివరికి అనంతపురంలో సాబు దగ్గర చేరాను. (ఆయనకు పేరు లేక కాదు, టౌనంతా సాబు అనే పిలిచేవాళ్ళు, నేనూ అదే అంటాను.) తుపాకుల అంగడి అనగానే మీకు సినిమాలు గుర్తుకొస్తాయని తెలుసు. దయచేసి వాటిని పక్కన పెట్టండి. ఒక ఇరుకు గది, గోడకు గొలుసేసి తాళం పెట్టిన పాత తుపాకులు, ఒక అద్దాల బీరువా, కరెంటు ఉన్నా తిరగడానికి ఇష్టపడని ఫ్యాను, దాని కింద కునికిపాట్లు పడే సాబు. అంతే. కొనడానికి వచ్చేవాళ్ళ కంటే బస్టాండుకు దారి అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. అయినా సరే, సాయంత్రం రూముకు పోయి స్నేహితులతో "మాది ఆయుధాల వ్యాపారం" అని చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం మారేది.

మాకొచ్చే కొద్దిమంది బేరగాళ్ళు అడవిజంతువుల నుంచి పంటను కాచుకోవడానికి ఇచ్చే పంటకాపు లైసెన్సున్న రైతులు. వాళ్ళ దగ్గర ఉండేవి గొట్టంలో మందు పోసి దట్టించే పాతకాలపు తుపాకులు. వాటి గురించి ఒక్క సంగతి చెప్పకపోతే ముందుకు పోవడం కష్టం. ఆ తుపాకికి వెనక వైపు చిన్న ముక్కులాంటిది ఒకటి ఉంటుంది. దాని మీద వేలిగోరంత టోపీ ఒకటి తొడుగుతారు. మీట నొక్కితే సుత్తి వచ్చి టోపీ మీద పడుతుంది. టోపీ 'టప్' అంటుంది. ఆ నిప్పు ముక్కులోని సన్నబొక్క గుండా లోపలికి పోయి మందుకు అంటుకుంటుంది. అప్పుడు తుపాకి 'ఢాం' అంటుంది. టప్ అనేది టోపీ, ఢాం అనేది తుపాకి. ఇది గుర్తుంచుకోండి చాలు. మా ఇంటి కథంతా ఈ రెండు చప్పుళ్ళ మధ్యనే ఇరుక్కుపోయింది.

సాబు దగ్గర మూడు రకాల టోపీలు ఉండేవి. రేకుడబ్బాలో వచ్చే ఎర్రరాగివి, అట్టపెట్టెలో వచ్చే ఇత్తడివి, కాగితం పొట్లంలో వచ్చే పేరూ ఊరూ లేనివి. వాటిని మా రైతులు ఎంచుకునే తీరు చూసి తీరాలి. శెనక్కాయ ముదిరిందా లేదా అని చెవి దగ్గర పెట్టి ఊపి చూసినట్టు డబ్బాను చెవి దగ్గర ఊపేవాళ్ళు. వాసన చూసేవాళ్ళు. గడప బయటికి పోయి ఎండకు పట్టి చూసేవాళ్ళు. ఒకాయన "ఇవి ఈ యాడాది పంటవేనా, పోయినేటివి నాకు అంటగడతాండావా?" అని కూడా అడిగాడు. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. మరి చదువుకున్నవాణ్ణి కదా, నా పద్ధతి వేరు. భూతద్దం పెట్టి టోపీ లోపల చూసి, తల రెండుసార్లు ఊపి, "ఎర్రమట్టి పొలాలకు రాగివి పనికొస్తాయి, నల్లరేగడి అయితే ఇత్తడివి తీసుకో అన్నా" అని తీర్పు చెప్పేవాణ్ణి. (మట్టికీ టోపీకీ ఏమిటి సంబంధమని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే అది నాకూ తెలియదన్న సంగతి అప్పుడే తేలిపోయేది.) ఒకరోజు సాబు కునుకులోంచే ఒక కన్ను తెరిచి అడిగాడు.

"బేటా, నువ్వు జిందగీలో ఒక్క తుపాకన్నా పేల్చినావా?"

"లేదు సాబ్."

"అచ్ఛా. దుకానం నడిపేకి అదే మంచిది. పేల్చినోడు ఇంత ధైర్యంగా చెప్పలేడు" అని మళ్ళీ కన్ను మూసుకున్నాడు. అది మెచ్చుకోలని నేను చాలా రోజులు అనుకున్నాను.

అలాంటి తుపాకి మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. మా ఊరు తనకల్లుకు దగ్గర. తాత కాలంలో ఆ తుపాకి బాగానే పేలింది. ఒకసారి మరీ బాగా పేలి తాత బొటనవేలు తీసుకుపోయింది. తాత పోయాక లైసెన్సు నాయన పేరుకు మారింది, వేలు పోతుందన్న భయం అమ్మ పేరుకు మారింది. నాయన దాన్ని నిజంగా పేల్చిన సందర్భాలు చాలా తక్కువ, ఎందుకంటే ఆ తర్వాత వరసగా కరువులు. పంట ఉంటే కదా పందులొచ్చేది, పందులొస్తే కదా తుపాకికి పని. విత్తిన గింజ భూమిలోనే మాడిపోయే ఊర్లో తుపాకికి ఏడాదికి ఒక్కరోజే ఉద్యోగం, అది దసరా ఆయుధపూజ. అమ్మ మడక, గొడ్డలి, కొడవళ్ళు అన్నీ కడిగి, మధ్యలో తుపాకిని పడుకోబెట్టి, పసుపు రాసి కుంకుమ పెట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని ఏదో అడిగేది. ఏమడుగుతావమ్మా అంటే "మీ నాయన వేళ్ళు మీ నాయనకే ఉంచమని అడుగుతాండా" అనేది. కరువు పోవాలని కూడా అడగొచ్చు కదా అంటే, "అన్నీ ఒకేసారి అడిగితే దేవుడు ఏదీ ఇయ్యడప్పా" అనేది.

నేను సాబు దగ్గర చేరిన మరుసటి ఏడాది మా వైపు వాన పడింది. అదును దాటకుండా, పొలానికి సరిపోయేటట్టు పడింది. శెనక్కాయ చేను నేలను కప్పేసింది. ఊరివాళ్ళంతా ఆశ్చర్యంతో కాస్త తిక్కతిక్కగా తిరిగారు. చెట్టు పీకి చూస్తే ఊడలకు కాయలు గుత్తులుగా ఉన్నాయని నాయన ఫోనులో చెబుతుంటే, ఆయన గొంతు నేనెప్పుడూ వినని గొంతులాగా ఉంది. అంతకుముందు నెలలోనే ఆయన నాతో ఒక మాట అన్నాడు. "ఇదే కడసారి రా. ఈ పంట చేతికొస్తే ఎద్దులుంటాయి, నేనూ ఊర్లో ఉంటా. రాలేదంటే ఎద్దుల్ని అమ్మి బెంగళూరు పోతా. యాడనో అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్ పని ఉండాదంట." కట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడి, వచ్చిపోయే కార్లకు సెల్యూట్ కొట్టే నాయనను ఊహించుకోవడం నా వల్ల కాలేదు. అందుకే ఆ ఏడు ఆ పంట నాకు కూడా పంటలాగా కాక నాయనలాగా కనబడేది.

కాయ ఊరడం మొదలుపెట్టగానే కొండ మీది పందులు దిగాయి. వాటిలో ఒక పెద్దది ఉండేది. దానికి మా ఊరివాళ్ళు తాసిల్దారని పేరు పెట్టారు (పిలవకపోయినా చేను తనిఖీకి వస్తుందని). పొద్దు గూకే వేళకు కొండవాలు నుంచి దిగి, చేని గట్టు మీద నిలబడి, ఏ చాలుతో మొదలుపెట్టాలా అని ఆలోచించి మరీ మొదలుపెట్టేది. చుట్టుపక్కల రైతులు ఇంట్లోని పాతచీరలన్నీ తెచ్చి చేని చుట్టూ కట్టారు. కొందరు రేకుడబ్బాలు కొట్టారు. మా నాయన మాత్రం ఒక్క చీర కట్టలేదు, ఒక్క డబ్బా కొట్టలేదు. "తుపాకి ఉండే ఇంటాయన డబ్బా కొడతాడా?" అని ఆయన పట్టు. లైసెన్సులో పందిని చంపే రాత లేదు, చప్పుడు చేసి తరమాలి, అంతే. ఒక్క ఢాం పడితే తాసిల్దారు మళ్ళీ మా సరిహద్దులకు రాదని ఆయన నమ్మకం. మందు ఇంట్లో ఉంది. టోపీలు మాత్రం తాతకాలంనాటివి, పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అందుకని నాకు ఫోను చేశాడు.

"రేయ్, నువ్వు ఆ పనిలోనే ఉండావు కదా. యావి మంచివో నీకు తెలుసు. ఏరి పట్కరా."

నా జీవితంలో నాయన నన్ను ఒక విషయం అడగడం అదే మొదటిసారి. అంతకుముందు అన్నీ చెప్పడమే. ఆ రోజు అంగట్లో నేను పడిన హడావుడి చూసి సాబు నిద్ర పూర్తిగా పోయింది. మూడు రకాలూ బల్ల మీద పోసుకున్నాను. భూతద్దం తీశాను. సాబు చూడకుండా డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపి కూడా చూశాను. చివరికి మాది ఎర్రమట్టి కాబట్టి నా తీర్పు ప్రకారమే ఎర్రరాగివి తీసుకున్నాను. శుక్రవారం అంగడికి సెలవు. కదిరి మీదుగా ఇంటికి చేరేదాకా ఆ డబ్బాను చొక్కా జేబులో పెట్టుకుని పైన చెయ్యి తీయలేదు.

ఆ సాయంత్రం మా చేను గట్టు మీద తిరునాళ్ళలాగా ఉంది. చీరలు కట్టినవాళ్ళు, డబ్బాలు కొట్టినవాళ్ళు అందరూ తుపాకి పేలడం చూద్దామని వచ్చారు. అమ్మ దూరంగా నిలబడి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ముందే కళ్ళు మూసుకుంది. నాయన మందు దట్టించి, నా చేతి నుంచి టోపీ తీసుకుని, ముక్కు మీద తొడిగి, మంచె ఎక్కాడు. "ఇది చానా మంచిరకం" అని నేను చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేటట్టు చెప్పాను. తాసిల్దారు దిగింది. చేలోకి వచ్చింది. నాయన ఆకాశం వైపు గురిపెట్టి మీట నొక్కాడు.

టప్.

అంతే. పంది తలెత్తి మంచె వైపు ఒకసారి చూసింది. ఇంకేమైనా ఉందా అన్నట్టు కాసేపు ఆగింది. లేదని తెలుసుకుని మళ్ళీ తినడం మొదలుపెట్టింది. నాయన ఇంకొక టోపీ తొడిగాడు. టప్. ఇంకొకటి. టప్. గట్టు మీద ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. అందరికంటే ముందు పరుగెత్తింది అమ్మ. నాయన మంచె దిగగానే ఆయన రెండు చేతులూ పట్టుకుని, తిప్పితిప్పి చూసి, వేళ్ళన్నీ ఉన్నాయని తేల్చుకుని, కొండవైపు తిరిగి దండం పెట్టుకుంది. అప్పుడు గానీ చేను వైపు చూడలేదు.

"టోపీలో పస లేదు" అన్నాడు నాయన. అది నిజమే అనిపించింది నాకు. టోపీ పేలుతోంది, నిప్పు మందు దాకా పోవడం లేదు. అంటే నిప్పు చాలడం లేదు. అంటే ఇంకా గట్టిరకం కావాలి. (బీకాంలో నేర్చుకున్న తర్కమంతా ఆ ఒక్క సాయంత్రం వాడేశాను.) మరుసటి రోజు అంగడికి పోయి సాబు మీద విరుచుకుపడ్డాను. నీ సరుకు మంచిది కాదు, రైతుల నోట్లో మట్టి కొడుతున్నావు అని ఇంకా ఏవేవో అన్నాను. సాబు ఏమీ కోపగించుకోలేదు.

"ముక్కు సాఫుగా ఉండాదా, చూసినారా?"

"ఏం మాట సాబ్ అది! మా అమ్మ దసరా దసరాకు చింతపండు పెట్టి తోముతాది. దేవుని కాడ దీపం కన్నా మా తుపాకే తళతళ ఉంటాది."

"అట్లయితే సరే" అన్నాడు సాబు. పూజ చేసే వస్తువు గురించి ఇంకా అడిగితే బాగుండదని ఊరుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. "లోపల మందు అట్లే పెట్టొద్దని మీ నాయనకు చెప్పు. గొట్టంలో నీళ్ళు పోసి కడగమను" అని మాత్రం చెప్పాడు. నాయన కడిగాడు. (పోసిన నీళ్ళు వెనక ముక్కులోంచి చుక్కచుక్కగా కారాలట. కారలేదు. మా జిల్లాలో నీళ్ళు కారకపోవడం ఎవరికీ వింతగా తోచదు.)

తర్వాతి శుక్రవారం ఇత్తడివి తీసుకుపోయాను. ఈసారి గట్టు మీద జనం ఇంకా ఎక్కువ, కానీ చూపుల్లో మర్యాద తక్కువ. టప్పులో కాస్త తేడా ఉందనీ, కొంచెం లావుగా ఉందనీ నేను వాదించాను గానీ ఎవరూ ఒప్పుకోలేదు. తాసిల్దారు ఈసారి తల కూడా ఎత్తలేదు. వెంట పిల్లల్ని తెచ్చుకుంది. "కొడుకే నాయనకు టోపీ పెట్టినాడు రోయ్" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాయన నవ్వలేదు. ఆ పొద్దు చీకటి పడేలోపల ఇంట్లోని చీరలు మూట కట్టుకుని అమ్మ చేను దగ్గరికి వచ్చింది. అప్పటికే పందులకు దారి అలవాటైపోయింది. అమ్మ పెండ్లిచీర అంచు పట్టుకుని ఒకవైపు కడుతుంటే అవి ఇంకోవైపు దూరుతున్నాయి.

ఆ వారం మధ్యలో నాయన పొద్దున్నే ఫోను చేశాడు. "తెచ్చేదుంటే ఈపొద్దే తే" అని పెట్టేశాడు. మూడు రకాలూ సంచిలో వేసుకుని బయలుదేరాను. నేను పోయేటప్పటికి చేను లేదు. ఎవరో మడక కట్టి దున్ని పోయినట్టు ఎర్రమట్టి తిరగబడి ఉంది. అక్కడక్కడ నలిగిన తీగెలు, కొరికి ఉమ్మేసిన పొట్టు. నాయన గట్టు మీద తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎదుట ఏడిస్తే బాగుండదని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"తెచ్చినావా?"

"తెచ్చినా నాయనా."

"మంచివేనా?"

పొట్లం విప్పి ఇచ్చాను. పట్టపగలు, పంది లేదు, పంట లేదు, చూసేవాళ్ళు లేరు. నాయన లేచి నిలబడి, మందు దట్టించి, ఆ పేరూ ఊరూ లేని టోపీ తొడిగి, ఖాళీ చేను మీద ఆకాశంలోకి గురిపెట్టి నొక్కాడు. టప్. ఆయన తుపాకి దించి, గొట్టంలో నీళ్ళు పోసి ఆ మందంతా కడిగేశాడు. నేనెన్నో చప్పుళ్ళు విన్నాను గానీ అంత చిన్న చప్పుడు అంత పెద్దగా ఎప్పుడూ వినబడలేదు.

తర్వాత కొద్దిరోజులకే దసరా వచ్చింది. ఎద్దులకు అప్పటికే బేరం కుదిరింది. పండగ దాకా ఉంచుకోమని కొన్నాయన మంచితనంతో వదిలిపెట్టాడు. అమ్మకు ఆ ఏడు మనసులో ఒక అనుమానం పట్టుకుంది. తుపాకి పేలకపోవడానికి కారణం తన పూజలో ఏదో లోపమని. తాను సరిగా చెయ్యలేదు కాబట్టే అది అలిగిందని. అందుకని ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తానని పొద్దున్నే చింతపండు, బూడిద ముందేసుకుని కూర్చుంది. తుపాకిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కొన నుంచి మొదలుపెట్టి తోముతూ, వెనకవైపుకు వచ్చింది. అప్పుడు కొంగులోంచి పిన్నీసు తీసి ఆ చిన్న ముక్కులో పొడవడం మొదలుపెట్టింది. నాయనా నేనూ వాకిట్లో మామిడాకులు కడుతున్నాం.

"పాతబొట్టు గట్టిపడిపోయి ఉండాది సూడండి. ఏటేటా నేను దీని మీదనే పెడతాండా. పాతది తీయకుండా మీదమీద పెడితే దీనికి నచ్చలేదేమో" అంటూ అమ్మ ఆ ముక్కులోంచి ఎర్రటి పెళ్ళలు తీసి అరచేతిలో వేసుకుంటోంది. నూనెతో తడిపి, వేలితో అదిమి, ఎన్నో దసరాలుగా పెట్టిన కుంకుమ. పిన్నీసు తిప్పేకొద్దీ వస్తూనే ఉంది. "ఆడ ఎందుకు పెడతావమ్మా?" అని అడిగాను. అమ్మ తలెత్తకుండానే చెప్పింది. "ఇంకెక్కడ పెడతారప్పా? నిప్పు పుట్టే చోటు అదేనంట కదా. మీ తాత వేలు తీసింది ఆ నిప్పే. ఆడ బొట్టు పెట్టి, తల్లీ ఈయప్పను ఏమీ చెయ్యొద్దు అని అడగల్ల."

చేతిలోని మామిడాకులు చేతిలోనే ఉన్నాయి నాకు. నాయన నిచ్చెన దిగివచ్చాడు. తుపాకి తీసుకుని, గొట్టం కొనకు నోరు పెట్టి గట్టిగా ఊదాడు. వెనక ముక్కులోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది, దాంతో పాటు మిగిలిన ఎర్రపొడి ఎగిరి అమ్మ చెంప మీద పడింది. దారి తెరుచుకుంది. నేను నోరు తెరిచాను. నా టోపీలన్నీ మంచివే, మూడు రకాలూ మంచివే, సాబు మంచివాడు, నా భూతద్దం కూడా మంచిదే అని అరవాలని ఉంది. నాయన నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకు నా నోరు దానంతటదే మూసుకుంది. ఆయన తుపాకిని మళ్ళీ అమ్మ ఒళ్ళో పెట్టాడు.

"పెట్టు మే. బాగా పెట్టు."

అమ్మ కుంకుమలో ఒక చుక్క నూనె కలిపి, ఉంగరం వేలితో తీసి, ఇప్పుడే శుభ్రం చేసిన ఆ ముక్కు మీద నిండుగా అదిమి పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఎప్పటికంటే ఎక్కువసేపు మూసుకుంది.

తర్వాత నాయన నన్ను గొడ్లపాక వెనక్కు తీసుకుపోయాడు. ఎద్దుల కొమ్ములకు రంగు పూసే పని మిగిలి ఉంది. ఒక కొమ్ము పూర్తి చేశాడు. తర్వాత చిన్నగా అన్నాడు.

"ఆయమ్మ చెవిన ఈ మాట పడిందంటే నీ తోలు తీస్తా."

"మరి ఊర్లో అందరూ నన్ను..."

"అననీ. టోపీలే మంచివి కావు. నువ్వు మంచివి తేలేదు. ఈ మాట మీద నువ్వూ నేనూ నిలబడల్ల, చచ్చేదాకా." కాసేపు రంగు పూసి, తనలో తాను నవ్వినట్టు అన్నాడు. "ఆయమ్మ మొక్కు మాత్రం తీరింది రా. సూడు, అన్ని వేళ్ళూ ఉండాయి." అని రెండు చేతులూ ఎత్తి చూపించాడు. వేళ్ళ నిండా రంగు. ఆ నవ్వు చూసి నాకు నవ్వు రాలేదు, ఇప్పుడు తలుచుకున్నా రాదు.

ఎద్దులు పోయాయి. నాయన బెంగళూరు పోయాడు. అక్కడ ఎవరో "నీకు తుపాకి లైసెన్సు ఉండాదంట కదా, బ్యాంకు కాడ గన్‌మ్యాన్ పని ఇప్పిస్తాం, జీతం ఎక్కువ" అని ఆశపెట్టి, పంటకాపు తుపాకి అని తెలిశాక కట్టె చేతికిచ్చి గేటు దగ్గర నిలబెట్టారు. ఆయన కార్లకు సెల్యూట్ కొట్టడం నేను ఒకసారి చూశాను. నన్ను చూసి చెయ్యి దించేశాడు, తర్వాత ఇంకో కారు వస్తే మళ్ళీ ఎత్తక తప్పలేదు. ఊర్లో నా పేరు టోపీలాయన అని స్థిరపడిపోయింది. పండగలకు నాయన ఊరొచ్చినప్పుడు, రచ్చ మీద నలుగురూ చేరి, "నీ కొడుకు సరైన టోపీలు తెచ్చింటే నువ్వు ఈడనే ఉందువు కదప్పా" అంటే, నాయన నా వైపు కోపంగా చూసి, "వానికి తెలివి యాడిది?" అనేవాడు. ఆ కోపం ఎంత బాగా నటించేవాడంటే నాకే అప్పుడప్పుడు అనుమానమొచ్చేది, నిజంగానే నేను చెడ్డరకం తెచ్చానేమో అని. సాబుకు మాత్రం నిజం చెప్పాను, ఆయన సరుకును అన్ని మాటలన్నాను కాబట్టి. సాబు చాలాసేపు నవ్వాడు, నవ్వి కళ్ళు తుడుచుకుని, "మీ అమ్మ అడిగితే సాబు సరుకు ఖరాబు అనే చెప్పు బేటా. ఒక ఇంట్లో చెడ్డపేరొస్తే దుకానం మూతపడదు" అన్నాడు. ఆ దుకానం తర్వాత వేరే కారణాలకు మూతపడింది, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను రాప్తాడులో విత్తనాల అంగడి నడుపుతున్నాను. రైతులు వచ్చి విత్తనాన్ని చెవి దగ్గర ఊపి, వాసన చూసి, ఎండకు పట్టి, "మంచివేనా అప్పా?" అని అడుగుతారు. "చూసుకో అన్నా" అంటాను తప్ప ఏ మట్టికి ఏది మంచిదో నేను చెప్పను. భూతద్దం ఎక్కడ పడేశానో గుర్తు లేదు. నాయన బెంగళూరు నుంచి తిరిగొచ్చి, ఎక్కువ కాలం లేకుండానే పోయాడు. ఇచ్చిన మాట చివరిదాకా నిలబెట్టుకున్నాడు. మంచంలో ఉన్నప్పుడు అమ్మ నీళ్ళు తాగిస్తుంటే నా వైపు చెయ్యి చూపించి, "వీడు మంచి టోపీలు తెచ్చింటేనా..." అని మొదలుపెట్టి, అమ్మ చూడకుండా నాకు కన్నుగీటాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాటల్లో అదొకటి.

లైసెన్సుదారు పోయాడు కాబట్టి తుపాకిని స్టేషన్లో అప్పగించమని కబురొచ్చింది. పోయిన నెలలో అప్పగించాను. బయలుదేరుతుంటే అమ్మ ఆపింది. "ఉండప్పా, వట్టి మొహంతో పంపిస్తారా" అని లోపలికి పోయి కుంకుమ తెచ్చింది. చూపు సరిగా లేదు, అయినా ఆ ముక్కు ఎక్కడుందో వేలికి తెలుసు. తాను పెట్టుకోవడం మానేసిన కుంకుమను తుపాకికి నిండుగా పెట్టింది. ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను.

"ఆపొద్దు నువ్వు మంచి టోపీలు తెచ్చింటే మీ నాయన బెంగళూరు పొయ్యేవాడు కాదు రా" అంది, కోపంగా కాదు, ఊరికే గుర్తొచ్చి.

"అవునమ్మా" అన్నాను. "టోపీలే మంచివి కావు."

స్టేషన్లో కానిస్టేబులు తుపాకిని అటూ ఇటూ తిప్పి, వెనకనున్న ఎర్రబొట్టును చూసి, తుడవబోయి, ఎందుకో తుడవకుండా ఆగి, "పని చేస్తాదా ఇది?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా చేస్తాది సార్" అన్నాను, ఒకప్పుడు సాబు అంగట్లో బల్ల వెనక నిలబడి మాట్లాడిన ఆ కుర్రవాడి గొంతు ఎక్కడినుంచో వచ్చి. "టోపీలు మాత్రం చూసి ఏరుకోవాల."